అడవి కత్తి - చదువుకున్నవాడి తాయెత్తు

తాయెత్తు అనగానే మనకు నల్లతాడు, రాగి గొట్టం, అందులో చుట్టిపెట్టిన రేకు గుర్తొస్తాయి. అది కట్టుకున్నవాణ్ని చూసి చదువుకున్నవాళ్లు నవ్వుతారు. ఆ చదువుకున్నవాళ్లే ఇప్పుడు ఇంకోరకం తాయెత్తును నడుముకు కట్టుకుంటున్నారు. దీనికీ గొట్టం ఉంది. గొట్టంలో రేకు బదులు గాలం, సూది, దారం, నాలుగు అగ్గిపుల్లలు ఉంటాయి. గొట్టానికి ముందు వైపు తొమ్మిది పది అంగుళాల కత్తి, ఆ కత్తి వీపు మీద రంపపు పళ్లు, వెనక మూతలో దిక్సూచి. దీని పేరు సర్వైవల్ నైఫ్.

ప్రకటన చదివితే నరుకుతుంది, కోస్తుంది, తవ్వుతుంది, చీలుస్తుంది, సుత్తిలా కొడుతుంది, దారి చూపిస్తుంది, నిప్పు పుట్టిస్తుంది, చేప పడుతుంది అని ఉంటుంది. సంతలో మూలికలమ్మేవాడి పాట గుర్తుకు రావడం లేదూ? తలనొప్పి నుంచి పక్షవాతం దాకా ఒకే సీసా. ఒక మందు అన్ని రోగాలకూ పనిచేస్తుందంటే మనం వెంటనే అనుమానిస్తాం. ఒక కత్తి అన్ని పనులూ చేస్తుందంటే మాత్రం అనుమానించం. ఎందుకంటే అది ఇనుము, అందులో దేవుడు లేడు. హేతువాది ప్రశ్నించాల్సింది దేవుణ్ని ఒక్కణ్నే కాదు కదా.

మా బిలాస్‌పూర్ రైల్వే ఊరు. సెలవు దొరికితే కుర్రాళ్లు బైకులేసుకుని అచానక్‌మార్ వైపు, అమర్‌కంటక్ వైపు వెళతారు. మంచిదే. ఈమధ్య వాళ్ల నోట బుష్‌క్రాఫ్ట్ అనే మాట వినిపిస్తోంది. తక్కువ పనిముట్లతో, అడవిలో దొరికే వస్తువులతో నిప్పు, నీడ, నీళ్లు, వంట ఏర్పాటు చేసుకునే నేర్పు అన్నమాట. ఇందులో కత్తి ప్రధానమైన పనిముట్టు, దాంట్లో సందేహం లేదు. నా ప్రశ్న ఈ పెద్ద సర్వార్థసాధక కత్తి ఆ పనికి పనికొస్తుందా అన్నది మాత్రమే. నేను కత్తులు చేసేవాణ్ని కాను. రక్షణ శాఖ లెక్కల విభాగంలో ఉద్యోగమంతా గడిపి రిటైరయినవాణ్ని. అయితే ఒక వస్తువు గురించి కాగితం మీద ఏం రాశారు, చేతికి ఏం వచ్చింది అని రెండూ పక్కపక్కన పెట్టి చూసే అలవాటు ఆ ఉద్యోగం వల్లనే వచ్చింది.

ముందు ఈ కత్తి వంశవృక్షం చూద్దాం. 1982లో 'ఫస్ట్ బ్లడ్' అనే హాలీవుడ్ సినిమా వచ్చింది. అందులో సిల్వెస్టర్ స్టాలన్ పిడి మూత విప్పి, సూదీ దారం తీసి, తన గాయానికి తనే కుట్లు వేసుకుంటాడు. ఆ కత్తిని చేసినవాడు అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రానికి చెందిన జిమ్మీ లైల్. ఆయన చేతిపనిలో పేరున్నవాడు, ఆయన్ని తప్పుపట్టడం లేదు. తర్వాత దాన్ని చూసి లక్షల కొద్దీ నకళ్లు వచ్చాయి. మనవాళ్లు కొంటున్నవి ఆ నకళ్లకు నకళ్లు.

వీపు మీద పళ్ల సంగతి ఇంకా ఆసక్తికరం. అమెరికా వైమానికులకు ఇచ్చే సర్వైవల్ కత్తికి వీపున పళ్లుంటాయి. దాని బ్లేడు ఐదంగుళాలే. ఆ పళ్లు కట్టె కోయడానికి పెట్టినవి కావు. విమానం కూలితే లోపల చిక్కుకున్నవాడు పల్చని అల్యూమినియం రేకును చీల్చుకుని బయటపడటానికి పెట్టినవి. విమానం లేదు, వైమానికుడు లేడు, పళ్లు మాత్రం మిగిలాయి. మన తద్దినాల్లో, తంతుల్లో ఇలాంటివి ఎన్ని చూడలేదు? కారణం పోయి చాలాకాలమవుతుంది, ఆచారం మాత్రం నిక్షేపంగా ఉంటుంది. ఎందుకు చేస్తున్నారని అడిగితే పెద్దలు చేశారంటారు. ఇక్కడ సినిమాలో ఉందంటారు.

ఈ సంగతిని అమెరికాలో ఎప్పుడో పట్టుకున్నవాడు ఒకాయన ఉన్నాడు. జార్జ్ వాషింగ్టన్ సియర్స్, 'నెస్మక్' అనే కలం పేరుతో 1884లో 'వుడ్‌క్రాఫ్ట్' అనే పుస్తకం రాశాడు. అప్పటికే అంగళ్ల అద్దాల వెనక లావుపాటి పెద్ద వేటకత్తులు వేలాడుతుండేవి. అవి చవకబారు నవలలను అలంకరించడానికే పనికొస్తాయి గానీ వేటగాడికి కాదని ఆయన ఎగతాళి చేశాడు. ఆయన తనతో పట్టుకెళ్లినవి మూడు: రెండువైపులా పదునున్న చిన్న గొడ్డలి, పల్చని ఒర కత్తి, జేబులో మడత కత్తి. మన కాలానికి వస్తే, 'బుష్‌క్రాఫ్ట్' అన్న పేరుతోనే పుస్తకం రాసిన కెనడా దేశస్థుడు మోర్స్ కొచాన్‌స్కీ (1940-2019) కత్తి బ్లేడు అరచేతి వెడల్పంత ఉంటే చాలన్నాడు. అంటే దాదాపు పది సెంటీమీటర్లు. ఆయన బతుకంతా మంచు అడవుల్లో పాఠాలు చెప్పినవాడు. మన వంటింటి కూరగాయల కత్తికి కొంచెం పెద్దన్న లాంటిదాన్ని ఆయన అడవికి చాలంటుంటే, బిలాస్‌పూర్ కుర్రాడికి మోచేయంత కత్తి ఎందుకో ఆలోచించాలి.

వాళ్లు వీళ్లు అన్నారని నమ్మమనడం లేదు. ఆప్తవాక్యం ప్రమాణం కాదు, అది సియర్స్ చెప్పినా సరే. కారణాలు చూద్దాం.

నరకడానికి కావలసిన గుణాలు వేరు, చెక్కడానికి కావలసిన గుణాలు వేరు. నరికే పనిముట్టుకు బరువు చివర ఉండాలి, పిడి పొడుగ్గా ఉండాలి. గొడ్డలికి ఇనుమంతా చివరే ఉంటుంది, కామ పొడుగ్గా ఉంటుంది కాబట్టి చేతి ఊపు దెబ్బలోకి దిగుతుంది. కత్తిలో బరువు పొడవునా పరచుకుని ఉంటుంది, పిడి గుప్పెడే. చెక్కే పనిముట్టుకు బ్లేడు పల్చగా ఉండాలి, మొన చేతికి దగ్గరగా ఉండాలి. ఈ కత్తి మందం ఐదారు మిల్లీమీటర్లు, మొన జానెడు దూరంలో. అంటే గొడ్డలిగా చూస్తే తేలిక, చాకుగా చూస్తే మొద్దు. రెండు పనులకూ సరిపోయేలా చేద్దామని రెంటికీ చాలకుండా చేశారు. చేసినవాడి అసమర్థత కాదిది, ఆ రెండు గుణాలూ ఒకదానికొకటి ఎదురు.

రంపం సంగతి. వడ్రంగి రంపం పళ్లను దగ్గరగా చూసినవారికి తెలుస్తుంది, ఒకటి కుడికి, ఒకటి ఎడమకి కొద్దిగా వంచి ఉంటాయి. అందువల్ల కోత గాడి రేకు మందం కంటే వెడల్పవుతుంది, రంపం ఇరుక్కోదు, పొట్టు బయటికి వస్తుంది. ఈ కత్తి పళ్లకు ఆ వంపు లేదు. నాలుగు లాగుళ్లకు పట్టేస్తుంది. పైగా ఆ పళ్లు ఉన్నందువల్ల, కత్తిని కట్టె మీద పెట్టి వీపు మీద దుడ్డుకర్రతో కొట్టి చీల్చుదామన్నా, బొటనవేలు వీపు మీద ఆనించి చెక్కుదామన్నా ఇబ్బందే. ఒక పని చేయకపోవడం ఒక నష్టం, ఇంకో పనిని చెడగొట్టడం రెండో నష్టం.

బోలు పిడి అన్నిటికంటే ప్రమాదం. మామూలు కత్తిలో బ్లేడు ఇనుమే పిడి లోపలికి దిగి ఉంటుంది. గొట్టంలో గాలాలు పెట్టాలంటే లోపల ఇనుము ఉండకూడదు కదా. అందుకని బ్లేడును గొట్టం మొదట్లో అతికించడమో మరతో బిగించడమో చేస్తారు. దెబ్బ వేసినప్పుడు భారమంతా ఆ అతుకు మీదే పడుతుంది. నైపుణ్యంతో చేసిన ఖరీదైన వాటిలో అది నిలవచ్చు. చవక నకళ్లలో అది ఊడి ఎటు ఎగురుతుందో చెప్పలేం.

దిక్సూచిని పరీక్షించడానికి అడవికి వెళ్లక్కర్లేదు. ఇనుము పక్కనుంటే సూది పక్కకు లాగుతుందని ఎనిమిదో తరగతి పిల్లవాడికి తెలుసు. అరకిలో ఉక్కు తోకకు దిక్సూచి బిగించడం ఎవరి ఆలోచనో గానీ, ఆయన ఎనిమిదో తరగతిలో ఆ పాఠం రోజు బడికి రాలేదేమో.

మా వీధిలో ఒక కుర్రాడు ఇలాంటి కత్తి ఒకటి తెప్పించాడు. "తాతగారూ, మీరు ప్రతిదానికీ రుజువు అడుగుతారుగా, ఇదిగో చూడండి" అని నా చేతిలో పెట్టాడు. సరే, రుజువు చూద్దామన్నాను. మా పెరట్లో పరీక్ష పెట్టాం. మణికట్టంత లావు ఎండిన సుబాబుల్ కట్టె, కొంత నైలాన్ తాడు, నాలుగు బంగాళదుంపలు, ఈ కత్తి, మా పనివాడి టంగియా, బుధవారీ బజార్లో కొన్న వంటింటి చాకు. డాక్టర్ కోవూర్ 1963లో లక్ష రూపాయల సవాలు విసిరినప్పుడు మోసానికి వీల్లేని షరతులు ముందే పెట్టాడు. అదే పద్ధతిలో ఏ పని చేయాలి, ఎప్పుడు అయిందనుకోవాలి అన్నది ముందే కాగితం మీద రాసుకున్నాం. తర్వాత మాటలు మార్చుకోకుండా.

కట్టె నరకడంలో టంగియా పని ముగించేసరికి కత్తి సగం కూడా దిగలేదు, పైగా ప్రతి దెబ్బకూ పిడి చేతిలో జివ్వుమంది. రంపపు పళ్లు బెరడు దాటి అర అంగుళంలో పొట్టుతో పూడుకుపోయాయి. నిప్పు రాజేయడానికి సన్నటి చెక్కుళ్లు తీయడంలో చాకుదే పైచేయి. దుంపల తొక్క సంగతి చెప్పను, పెద్ద కత్తితో తీసినవి సగానికి సగం అయ్యాయి, మా ఆవిడ కోపగించుకుంది. మూత కత్తికి బిగించి ఉన్నప్పుడు సూది చూపిన ఉత్తరం, విప్పి దూరంగా పెట్టాక చూపిన ఉత్తరం ఒకటి కాలేదు. తాడు కోయడంలో మాత్రం పెద్ద కత్తి గెలిచింది. గెలిచిందని రాసుకున్నాం కూడా.

ఒక్క కత్తితో, ఒక్క పెరట్లో చేసిన పరీక్ష ఏం తేలుస్తుంది అని మీరు అడగవచ్చు. సరైన ప్రశ్నే. కొన్ని పనులు చేస్తుంది అని ప్రకటన అన్నట్టయితే ఈ పరీక్ష చాలదు. అన్ని పనులూ చేస్తుంది అన్నాడు. 'అన్నీ' అన్నవాడికి ఒక్క వ్యతిరేక ఉదాహరణ చాలు.

ఇక అడవిలోనే ఉండేవాళ్లు ఏం పట్టుకుంటారో చూద్దాం. అచానక్‌మార్ చుట్టుపక్కల పల్లెల్లో భుజాన టంగియా లేకుండా అడవికి బయలుదేరే బైగా, గోండు మగవాడు అరుదు. టంగియా అంటే మన గొడ్డలే, సన్నటి తల, పొడుగు కామ. కామ విరిగితే అక్కడే ఇంకో కర్ర చెక్కి దూర్చుకుంటాడు. పదును పోతే ఏటి ఒడ్డున రాయి ఉంది. ఒకప్పుడు ఈ ప్రాంతంలో అగరియాలు కొలిమిలో ఇనుపరాయి కరిగించి వీటికి ఇనుము తీసేవారు. వెరియర్ ఎల్విన్ వాళ్ల మీద 1942లో ఒక పుస్తకమే రాశాడు. మన నల్లమలలో చెంచుల మీద హైమన్‌డార్ఫ్ పుస్తకం 1943లో వచ్చింది. అక్కడా గడ్డలు తవ్వడానికి ఇనప మొన కర్ర, నరకడానికి గొడ్డలి, కోయడానికి కత్తి, వేటకు విల్లు. ఏ పనికి ఆ పనిముట్టు. తరతరాలుగా అడవి మీదే బతికిన జనం అన్నీ కలిపి ఒకటి చేసుకోలేదంటే వాళ్లకు తెలివి లేకనా?

ఆగండి, ఇక్కడ నేను వాళ్ల ఆచారాన్ని ప్రమాణంగా చూపిస్తున్నానని అనకండి. ఆదివాసీ చేశాడు కాబట్టి సరైనది అనడం, రుషి చెప్పాడు కాబట్టి సరైనది అనడం లాంటిదే. అదే బైగా పాము కరిస్తే మంత్రగాడి దగ్గరికి వెళ్లినప్పుడు మనం ఒప్పుకోం. తేడా ఎక్కడంటే, టంగియా రోజూ పరీక్షకు నిలబడుతుంది. సరిగా లేకపోతే సాయంత్రానికి పొయ్యిలోకి కట్టె రాదు. మంత్రానికి ఆ పరీక్ష లేదు, బతికితే మంత్రం గొప్ప, చస్తే విధి.

పెద్ద కత్తి ఎక్కడా పనికిరాదా అంటే, పనికొస్తుంది. వెదురు, తీగలు, లేత పొదలు ఉన్నచోట బరువైన పొడుగు కత్తి గొడ్డలి కంటే నయం. నాగాల దావ్, గూర్ఖాల ఖుక్రీ అలాంటివే. వానాకాలంలో తడిసిన కట్టెను చీల్చి లోపలి పొడి భాగం తీయాలన్నా పొడుగు బ్లేడు సాయపడుతుంది, అది ఒప్పుకోవాలి. మన సాలు అడవుల్లోని గట్టి కట్టె దగ్గరే దాని పప్పులుడకవు. అయితే ఖుక్రీ ఒరను ఎప్పుడైనా చూశారా? ఆ ఒర వెనక రెండు చిన్నవి దోపి ఉంటాయి. ఒకటి కర్దా, చిన్న చాకు. రెండోది చక్‌మక్, పదును లేనిది, ఖుక్రీ అంచు సవరించడానికి, చెకుముకి రాయి మీద కొట్టి నిప్పు రాల్చడానికి. ప్రపంచంలో అంత పేరున్న పెద్ద కత్తి కూడా తన వల్ల అన్నీ కావని ఒప్పుకుని ఇద్దరు సహాయకులను వెంటబెట్టుకుంది. దాని పిడిలో గాలాలు లేవు, వీపు మీద పళ్లు లేవు.

"అన్నీ పోయి ఒక్కటే మిగిలితే?" ఇది వాళ్ల ఆఖరి వాదన. అన్నీ పోవడం, ఈ కత్తి ఒక్కటే మిగలడం ఎలా జరుగుతుందో ఎవరూ చెప్పరు. ఉన్న డబ్బునూ బరువునూ దేనికి కేటాయించాలన్నదే అసలు ప్రశ్న. అరకిలో పైబడిన ఆ కత్తి బరువులో ఒక చిన్న చాకు, ఒక మడత రంపం రెండూ పట్టి, ఇంకా కొంత మిగులుతుంది. మా కామర్స్ పాఠాల్లో దీన్ని అవకాశ వ్యయం అనేవారు. ఒకదాని మీద పెట్టిన రూపాయి ఇంకోదాని మీద పెట్టలేని రూపాయి.

2003 ఏప్రిల్‌లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఆరన్ రాల్‌స్టన్ అనే యువకుడి చేయి బండరాయి కింద ఇరుక్కుంది. ఐదు రోజులు పైగా అక్కడే ఉండి, చివరికి ఒక చవక మల్టీటూల్‌లోని మొద్దుబారిన చిన్న బ్లేడుతో తన చేయి తానే కోసుకుని బయటపడ్డాడు. ఈ కథ చెప్పి కత్తులు అమ్మేవాళ్లున్నారు. ఆయన ఎక్కడికి వెళుతున్నదీ ఎవరికీ చెప్పకుండా వెళ్లాడన్న సంగతి మాత్రం చెప్పరు. చెప్పి వెళ్లి ఉంటే రెండో రోజే వెతకడం మొదలయ్యేది. ఇంట్లో చెప్పి వెళ్లడానికి ఖర్చు సున్నా.

నా అసలు ఆందోళన ఇక్కడే. తాయెత్తు కట్టుకున్నవాడు మందు మానేస్తాడు. అందుకే తాయెత్తు ప్రమాదం, రాగి వల్ల కాదు. ఈ కత్తి నడుముకు కట్టుకున్నవాడు మూడు లీటర్ల నీళ్లు మోయడం మానేస్తే, చీకటి పడక ముందు తిరిగి రావాలన్న జాగ్రత్త మానేస్తే కత్తి వల్ల మేలు ఏమిటి? మా వైపు అడవుల్లో మనిషి ప్రాణం మీదికి తెచ్చేవి ఎండ, పాము, ఎలుగుబంటి, వానల్లో పొంగే వాగులు. ఉత్తర బిలాస్‌పూర్ అటవీ డివిజన్‌లో ఎలుగు దాడుల మీద 'ఉర్సస్' అనే శాస్త్ర పత్రికలో 2005లో ఒక అధ్యయనమే వచ్చింది. మీదికి దూకిన ఎలుగు ముందు కత్తి ఎంత పొడుగో కొలుచుకునే వ్యవధి ఉండదు.

పాము సంగతి ఇంకా ఘోరం. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని, అంటే సగటున ఏడాదికి 58,000 మంది అని 2020లో ఒక పరిశోధన అంచనా వేసింది. కాటు పడ్డ చోట కత్తితో కోసి రక్తం పీల్చి ఉమ్మాలన్నది పాత సినిమాల వైద్యం. ఈ సర్వైవల్ సరంజామా అమ్మేవాళ్లు ఇప్పటికీ కొందరు కోసి పీల్చే సాధనాలు అంటగడుతూనే ఉన్నారు. కోయకూడదు, పీల్చకూడదు, గట్టిగా కట్టు బిగించకూడదు. కరిచిన అవయవాన్ని కదల్చకుండా విరుగుడు మందు ఉన్న ఆస్పత్రికి వెంటనే చేర్చాలి. అక్కడ పనికొచ్చేది బైకులో పెట్రోలు, ఛార్జింగ్ ఉన్న ఫోను, వెంట ఇంకో మనిషి. చేతిలో కత్తి ఉంటే కోయాలనిపిస్తుంది, అదొక అదనపు ప్రమాదం.

టీవీ కార్యక్రమాలు చూసి నేర్చుకున్నామంటారు. బేర్ గ్రిల్స్ కార్యక్రమంలో కొన్ని దృశ్యాలు ఏర్పాటు చేసి తీసినవేనని, ఒంటరిగా అడవిలో గడిపినట్టు చూపించిన రాత్రుల్లో కొన్ని హోటల్లో గడిచాయని 2007లో బయటపడింది. బాబాల విభూతి వీడియోల్ని నిదానంగా నడిపి చూసే మనవాళ్లు వీటిని మాత్రం గుడ్లప్పగించి చూస్తారు.

మా కుర్రాడు ఇవన్నీ విని, "అయితే దీన్నేం చేయమంటారు, తిరిగి తీసుకోరట" అన్నాడు. ఇంట్లో తాళ్లు కోయడానికి ఉంచుకోమన్నాను. దానికి కట్టిన దారానికి ఒక ప్లాస్టిక్ విజిల్ ఉంది. అది ఊడదీసి నీ బ్యాగుకు కట్టుకో, కత్తితో వచ్చిన సామానులో పనికొచ్చేది అదొక్కటే అని కూడా చెప్పాను.

ఇంకో మాట కూడా చెప్పాను. 1959 ఆయుధాల చట్టం కింద చేసిన నిబంధనల్లో తొమ్మిది అంగుళాల కంటే పొడుగు లేదా రెండంగుళాల కంటే వెడల్పు బ్లేడున్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వచ్చాయి. ఇంటిపనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు చేసినవాటికి మినహాయింపు. టంగియా, కొడవలి ఆ మినహాయింపులో హాయిగా ఇముడుతాయి. సర్వైవల్ కత్తి ఏ పని కోసం చేసిందని పోలీసు అడిగితే "అన్నిటికీ" అని చెప్పి చూడమన్నాను. అచానక్‌మార్ 1975 నుంచి అభయారణ్యం, 2009 నుంచి పులుల అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆయుధం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో కత్తులు కూడా ఉన్నాయి. రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి వెళ్లడం 31వ సెక్షన్ కింద నిషిద్ధం, నిప్పు పెట్టడం 30వ సెక్షన్ కింద. కుర్రాడు కాసేపు ఆలోచించి, "మరి బుష్‌క్రాఫ్ట్ ఎక్కడ చేయాలి తాతగారూ?" అన్నాడు. మా పెరట్లో ఇంకా సగం సుబాబుల్ మిగిలే ఉంది, రమ్మన్నాను.